పంటనేలకు సోకిన విషం: జింజూ నది రైతుల చరిత్ర



ఎరువులను గురించీ, విత్తనాలను గురించీ, చీడపీడలను గురించీ మనం తరచుగా చెప్పుకుంటూనే వున్నాం. ఈసారి ఒక చరిత్ర చెప్పదలిచాను. మనబోటి వరి రైతుల చరిత్రే. కాకపోతే జరిగినది జపాను దేశంలో. ఒక నది కింద సాగయ్యే మాగాణి ఏ విధంగా చెడిపోయింది, ఆ చెడును ముందుగా ఎవరు కనిపెట్టారు, లోకం దానిని నమ్మడానికి ఎంతకాలం పట్టింది, చెడిన నేలను తిరిగి బాగుచేయడానికి ఎన్నేళ్లు పట్టింది, ఇదీ కథ. చదివిన తరువాత మీ పొలంలోకి నీరు వచ్చే మడవ దగ్గరకు ఒకసారి వెళ్లి నిలబడి చూస్తారని నా ఆశ.

ముందుగా ఒక సంగతి. నేలతల్లి అన్నిటినీ అరిగించుకుంటుందని మనకు ఒక గట్టి నమ్మకం వున్నది. అది వట్టి నమ్మకం కాదు, చాలావరకు నిజమే. పేడ వేస్తాం, ఆకు అలము వేస్తాం, చెత్త, బూడిద, ఊడ్చిన కసువు అన్నీ పెంటకుప్పలో వేస్తాం. ఆరు మాసాలు గడిచేసరికి అది నల్లని ఎరువు అవుతుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల కొలది చేరి, కుళ్లేదానిని కుళ్లబెట్టి, పైరుకు ఆహారం చేసి పెడతాయి. తరతరాలుగా చూస్తూ వచ్చాం కాబట్టి, ఏది పారవేసినా నేల చూసుకుంటుందిలే అనే ధీమా మనకు ఏర్పడినది.

కాని కుళ్లే వస్తువు వేరు, కుళ్లని వస్తువు వేరు. సీసం, పాదరసం, కాడ్మియం వంటి లోహాలను ఏ సూక్ష్మజీవీ తినివేయలేదు. ఇవాళ నేలలో పడిన సీసం వందేళ్ల తరువాత కూడా సీసమే. ఏటా చిటికెడు చొప్పున వచ్చినా, వచ్చినది వచ్చినట్లే నిలిచిపోతుంది. పోయేది స్వల్పం, చేరేది అధికం. ఈ లెక్క తెలియక జరిగినదే జింజూ నది కథ.

జపానులో తొయామా అనే మండలం సముద్రతీరాన వున్నది. వెనుక ఎత్తైన కొండలు, ముందు సముద్రం, నడుమ వరిపొలాలు. కొండలలో నుంచి దిగివచ్చే జింజూ నది ఆ మైదానంలో పంటకాలువలుగా, బోదెలుగా చీలి మడి మడికీ పారుతుంది. మన డెల్టాలలో కాలువ నీటికి ఎంత విలువ వున్నదో అక్కడ ఆ నది నీటికి అంత విలువ. అదే నీరు పొలానికి, అదే నీరు వంటకు, అదే నీరు తాగడానికి. చేపలకు కూడా ఆ నది పేరుపొందినది.

నదికి ఎగువన, కొండలలో, కమియోకా అనే చోట ఒక గని వున్నది. అక్కడ కొన్ని వందల ఏళ్లుగా వెండి, సీసం తీసేవారు. 1874లో మిత్సుయి అనే పెద్ద వ్యాపార సంస్థ అక్కడ ప్రవేశించి, పదిహేనేళ్లలో గనినంతా తన చేతిలోకి తెచ్చుకున్నది. చిన్న చిన్న గుంటలు పోయి పెద్ద యంత్రాలు వచ్చాయి. 1904–05లో రష్యాతో యుద్ధం జరిగిన రోజులనుంచీ తుత్తునాగానికి, అంటే మనం జింకు అనే లోహానికి, గిరాకీ పెరిగింది. అంతకుముందు పనికిరాదని వదిలిన జింకు రాతిని కూడా తవ్వడం మొదలుపెట్టారు.

జింకు పేరు మీకు కొత్త కాదు. వరిలో ఆకులు తుప్పు రంగుకు తిరిగి, పైరు గిడసబారితే జింకు సల్ఫేటు వేయమని మేమే చెబుతాం. పైరుకు కొద్ది మోతాదులో అది కావలసిన పోషకం. అయితే జింకుకు ఒక తోబుట్టువు వున్నది, దాని పేరు కాడ్మియం. జింకు రాతి వున్నచోట కొద్దో గొప్పో ఇది కూడా వుంటుంది. రూపంలో, గుణంలో జింకును పోలివుంటుంది. కాని ఇది పైరుకూ అక్కరలేదు, మనిషికీ అక్కరలేదు. మనిషి శరీరంలో చేరితే మూత్రపిండాలలో తిష్ఠ వేసి, పదులకొద్దీ ఏళ్లు కదలదు.

గనిలో పని ఎట్లా జరిగేదో చెబుతాను. రాతిని తవ్వి తీసి, మెత్తని పిండిగా నూరి, నీటిలో కలిపి లోహం వున్న పిండిని వేరుచేస్తారు. మిగిలినది బురద. ఆ బురదలో అన్ని లోహాలూ కొద్ది కొద్దిగా మిగిలే వుంటాయి. ఈ బురదనీరు నదిలో కలిసింది. రాతిని ఎంత మెత్తగా నూరితే లోహం అంత బాగా చేతికి వస్తుంది, అది కంపెనీకి లాభం. కాని ఎంత మెత్తగా నూరితే బురద అంత తేలికగా నీటిలో తేలి, అంత దూరం పోతుంది, అది దిగువ రైతుకు నష్టం. కొండలలో ఒడ్డున పోసిన గుట్టలను వానలు, వరదలు కోసుకుపోయి అదే నదిలో కలిపాయి.

ఇప్పుడు ఆ నీరు మైదానానికి వచ్చింది. కొండలలో ఉరకలు వేసే నది మైదానంలో నెమ్మదిస్తుంది. కాలువలో మరింత నెమ్మదిస్తుంది. మడవ దాటి మడిలోకి అడుగుపెట్టగానే నిలిచిపోతుంది. నీరు నిలిచినచోట బురద దిగుతుంది. ఇది మీకు నేను చెప్పాలా? కాలువ నీటితో ఒండ్రు వచ్చి మడవ దగ్గర మేట వేయడం మీరు ఏటా చూసేదే. మంచి నదికి అది వరం. ఈ నదికి అదే శాపమైనది. మడవ దగ్గరి నేలలో లోహం అందరికంటే ముందు పేరుకున్నది. అక్కడ పైరు పలచబడినది, దుబ్బు కట్టలేదు, వెన్ను సరిగా తీయలేదు. మడిలో ఆ చివరన బాగానే వున్నది, ఈ చివరన లేదు.

దీనిని మొట్టమొదట ఎవరు చూశారు? శాస్త్రవేత్తలు కాదు, అధికారులు కాదు. ఆ మడిలో నాటువేసి, కలుపుతీసి, కోతకోసిన రైతులే చూశారు. పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలనుంచే గని నీటివల్ల పైరు చెడుతున్నదని ఫిర్యాదులు బయలుదేరాయి. బురదను ఆపమని అడిగారు, చేపలు పోతున్నాయని అడిగారు. అయితే ఆ గొడవంతా పంట నష్టం చుట్టూనే తిరిగింది. ఎన్ని బస్తాలు తగ్గినాయి, ఎంత పరిహారం ఇవ్వాలి, ఇదే మాట. పండిన ఆ కాస్త గింజలో ఏమున్నదో ఎవరూ అడగలేదు. ఎందుకంటే గింజ చూపుకు బాగానే వున్నది. రుచిలో తేడా లేదు, వాసనలో తేడా లేదు.

కాడ్మియంలో వున్న మోసం ఇదే. పైరును చంపేటంత మోతాదు రాకముందే మనిషిని చెడగొట్టే మోతాదు గింజలోకి ఎక్కుతుంది. పైరు ఏపుగా వున్నది గనుక నేల మంచిదని అనుకోవడానికి వీలులేదు.

రమారమి 1910 ప్రాంతాలనుంచి ఆ నది ఒడ్డు గ్రామాలలో ఒక వింతజబ్బు కనబడసాగింది. ఎక్కువగా స్త్రీలకే, అందులోను నలుగురైదుగురు బిడ్డలను కని, నలభై దాటుతున్నవారికి వచ్చేది. ముందు నడుము నొప్పి, తొడల నొప్పి. తరువాత బాతువలె అటూ ఇటూ ఊగుతూ నడక. ఆ తరువాత మంచం. ఎముకలు మెత్తబడి, దగ్గితే పక్కటెముక విరిగేది, పక్కకు తిరిగితే చేయి విరిగేది. ఒక స్త్రీ శరీరంలో 72 చోట్ల ఎముకలు విరిగినట్లు వైద్యుడు లెక్కకట్టాడు. మనిషి పొడవు కూడా తగ్గిపోయేది. వారు రాత్రింబవళ్లు ‘‘ఇతాయి, ఇతాయి’’ అని మూలిగేవారు. వారి భాషలో ఆ మాటకు ‘నొప్పి’ అని అర్థం. చివరకు ఆ మూలుగే జబ్బుకు పేరైనది: ఇతాయి–ఇతాయి జబ్బు.

లోపల జరిగినది ఏమిటంటే, ఏళ్ల తరబడి అన్నంతోను, నీటితోను వెళ్లిన కాడ్మియం మూత్రపిండాలను చెడగొట్టింది. చెడిన మూత్రపిండాలు ఎముకకు కావలసిన సారాన్ని నిలపలేక మూత్రంలో వదిలివేశాయి. సారం పోయిన ఎముక మెత్తబడింది. కాన్పులతో ముందే బలం తగ్గిన స్త్రీల శరీరం దీనికి తట్టుకోలేకపోయింది. కాని ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. పూర్వజన్మ పాపమన్నారు. తిండి చాలక వచ్చిందన్నారు. ఇంట్లో ఇటువంటి రోగి వున్నదని చెప్పుకోవడానికి కుటుంబాలు సిగ్గుపడి దాచిపెట్టాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గనిలో ఉత్పత్తి ఇంకా పెంచారు. యుద్ధం ముగిసేసరికి జబ్బు ముదిరింది.

ఆ ప్రాంతంలోనే హగినో నొబోరు అనే వైద్యుడు వుండేవాడు. యుద్ధంనుంచి 1946లో తిరిగివచ్చి, తమ కుటుంబపు ఆసుపత్రిలో కూర్చునేసరికి ఈ రోగులు వరుసగా కనబడ్డారు. 1955లో ఈ జబ్బు సంగతి పత్రికలకెక్కింది. హగినో తన రోగుల ఇళ్లను పటం మీద గుర్తుపెట్టుకుంటూ పోగా, అవన్నీ జింజూ నది పక్కనే గుంపుగా పడినాయి. దానితో 1957లో, దీనికి కారణం గని వదిలే నీరేనని ఆయన బయటపెట్టాడు. పెద్దలు నవ్వారు. సొంతవారే కొందరు కోపగించారు. మా ఊరి బియ్యం ఎవరు కొంటారు, మా ఊరికి పిల్లను ఎవరిస్తారు అని భయపడినారు. వారి భయాన్ని కూడా మనం అర్థం చేసుకోవలె. పొలమే బ్రతుకుతెరువైన వానికి, పొలం విషమైనదని వినడం తేలిక కాదు.

ఇక్కడ విస్తరణ పనివారు గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం వస్తుంది. హగినోకు తోడుగా వచ్చినవాడు మరొక వైద్యుడు కాదు, యొషియోకా కిన్‌ఇచి అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. ఆయన రోగిని చూసి ఊరుకోలేదు. రోగి తినే బియ్యం ఏ మడిది, ఆ మడికి నీరు ఏ కాలువది అని చూశాడు. ఆ మైదానంలో జింజూకు ఇటు ఒక నది, అటు ఒక నది వున్నాయి. వేరే నది నీరు పారే గ్రామాలలో ఈ జబ్బు లేదు. జింజూ నీరు పారే గ్రామాలలోనే వున్నది. గాలి ఒకటే, తిండి అలవాట్లు ఒకటే, పేదరికం ఒకటే, తేడా నీటిలోనే. ఒకాయమా విశ్వవిద్యాలయానికి చెందిన కొబాయాషి జున్ అనే నీటి రసాయన పండితుడు పరీక్షలు చేసి లోహాల లెక్క తీశాడు. 1961లో హగినో, యొషియోకా కలిసి కాడ్మియమే కారణమని ప్రకటించారు.

అప్పటికీ అయిపోలేదు. 1968 మార్చిలో రోగులు, వారి కుటుంబాలు కంపెనీమీద దావా వేశారు. అదే సంవత్సరం మే నెలలో జపాను ఆరోగ్యశాఖ ఇది గని కాలుష్యంవల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకున్నది. 1971 జూన్‌లో తొయామా జిల్లా న్యాయస్థానం రోగుల పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీ పై కోర్టుకు పోయింది. 1972 ఆగస్టులో అక్కడ కూడా ఓడింది.

ఆ గెలుపు తరువాత గ్రామస్థులు చేసిన పని చాలా తెలివైనది. డబ్బు పుచ్చుకుని ఇంటికి పోలేదు. కంపెనీతో మూడు పత్రాలు రాయించుకున్నారు. మొదటిది, రోగులకు పరిహారం. రెండవది, చెడిన నేలను బాగుచేయించే పూచీ. మూడవది, ఎప్పుడు కావాలంటే అప్పుడు గనిలోకి వెళ్లి, నిపుణులను వెంట తీసుకువెళ్లి, కంపెనీ ఖర్చుమీద తనిఖీ చేసే హక్కు. 1972 నుంచి ఏటా తనిఖీకి పోతూనే వచ్చారు. ఎక్కడ నీరు కారుతున్నది, ఏ గుట్టనుంచి ఊరుతున్నది, ఏ గొట్టం తుప్పుపట్టింది, అన్నీ చూసి రాసుకుని, మరుసటి ఏడు సరిచేశారా లేదా అని అడిగారు. ఆ పట్టుదలవల్ల గని నుంచి నదిలోకి పోయే కాడ్మియం ఏటికేడు తగ్గుతూ వచ్చి, ఆ నది నీరు తిరిగి మామూలు నదుల స్థితికి చేరుకున్నది. గనిలో రాతి తవ్వకం 2001లో ఆగిపోయింది. ఇంకా మిగిలిపోయిన తగవులను ముగిస్తూ 2013 డిసెంబరులో గ్రామస్థులకు, కంపెనీకి తుది ఒప్పందం కుదిరింది.

నది బాగుపడినది. నేలమాట ఏమిటి? రైతులకు అసలు పాఠం ఇక్కడ వున్నది. నది పారే వస్తువు. మురికి కలపడం మానితే, కొన్ని సంవత్సరాలకు తన్ను తాను కడుక్కుంటుంది. నేల నిలిచే వస్తువు. వచ్చినదానిని పట్టుకుని కూర్చుంటుంది.

1970లో జపాను ప్రభుత్వం పంటనేలల కాలుష్యానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. కిలో ముడిబియ్యంలో ఒక మిల్లీగ్రాము, అనగా పది క్వింటాళ్ల బియ్యంలో ఒకే ఒక గ్రాము కాడ్మియం వున్నా, ఆ పొలాన్ని చెడిన పొలం కింద జమకట్టమన్నది. (2011 నుంచి తినే బియ్యానికి ఆ హద్దును 0.4 మిల్లీగ్రాములకు దించారు.) జింజూ కింద ఈ విధంగా తేలిన చెడునేల రమారమి 1,500 హెక్టార్లు, మన లెక్కలో 3,700 ఎకరాలు. ఒక మోస్తరు పెద్ద చెరువు కింద ఆయకట్టు కంటే ఎక్కువ.

బాగుచేయడానికి మందు ఏదైనా చల్లారా? అటువంటి మందు లేదు. నేలను మార్చవలసి వచ్చింది. పై మట్టిని తీసి, అదే పొలంలో లోతుగా గుంట తవ్వి అందులో పూడ్చారు. అడుగునుంచి తీసిన గులక మట్టిని దానిమీద పరిచి, గట్టిగా అణగదొక్కారు. వేరు అడుగుకు పోకుండా అదొక అడ్డుపొర. దానిమీద దగ్గరి కొండలనుంచి తెచ్చిన కొత్తమట్టి పోశారు. కొన్ని చోట్ల తవ్వకుండా, పాతనేల మీదనే కొత్తమట్టి పరిచారు. మనం చెరువుమట్టి తోలుకుంటాం గదా, అటువంటి పనే. కాని మనం సారం కోసం తోలుతాం. వాళ్లు విషాన్ని కప్పడం కోసం తోలారు. కొండమట్టిలో సారమెక్కడిది? ఎరువులు వేసి, మళ్లీ మళ్లీ దున్ని, దానిని మాగాణిగా మలచడానికి ఆ రైతులు మరికొన్ని ఏళ్లు చాకిరీ చేయవలసి వచ్చింది.

ఈ పని 1979లో మొదలైనది. 2012లో ముగిసింది. అంటే 33 సంవత్సరాలు. పని మొదలైననాడు పలకాబలపం పట్టిన పిల్లవాడు, ముగిసేనాటికి తన పిల్లలను బడికి పంపుతున్నాడు. బాగుపడినది 863 హెక్టార్లు, సుమారు 2,130 ఎకరాలు. మిగిలిన నేలలో చాలాభాగం రోడ్లకింద, కట్టడాలకింద పోయి, తిరిగి వరిని చూడలేదు. అయిన ఖర్చు రమారమి 4,070 కోట్ల యెన్లు. కంపెనీ కొంత, ప్రభుత్వం కొంత భరించాయి. గని బురదను మొదటినుంచీ గనిదగ్గరే ఆపివుంటే అందులో ఎన్నవ వంతు ఖర్చయ్యేదో మీరే ఊహించుకోండి. ఇంతా చేసి, ఆ విషం ఎక్కడికీ పోలేదు. అడుగున అట్లాగే వున్నది. లోతు తవ్వకాలు చేయకుండా తరువాతి తరాలు కూడా జాగ్రత్తపడవలసిందే.

ఇది దూరదేశపు కథ, మనకెక్కడి గనులు అని కొందరు అనుకోవచ్చును. నీటితోపాటు విషం పారడానికి గనే వుండనక్కరలేదు. మన తెలుగునేల మీదనే పటాన్‌చెరు సంగతి చూడండి. పూర్వపు మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో వున్నది. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ వెలిసింది. మందుల కర్మాగారాలు, రసాయనాల కర్మాగారాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వాటి మురుగు ఇసుకవాగులో పడి, అక్కడనుంచి నక్కవాగులో కలిసి, మంజీర వైపు పారింది. వాగునీటిని నమ్ముకున్న మళ్లు చెడినాయి, బావులు చెడినాయి, గొడ్లు తాగే నీరు చెడింది. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. అనేక కర్మాగారాల మురుగును ఒకచోట చేర్చి శుద్ధిచేసే కేంద్రం 1994లో వచ్చింది. అయినా 2007లో స్వీడన్ దేశపు పరిశోధకులు ఆ శుద్ధి కేంద్రంనుంచి బయటకు వదిలిన నీటిని పరీక్షించి చూస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో వుండే మోతాదు కంటే అది ఎక్కువ. వాగు మందు తాగినట్లైనది. న్యాయస్థానాలు మారి మారి, చివరకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది. మొదట కోర్టుకెక్కిన ఏడుకు, తీర్పు వచ్చిన ఏడుకు నడుమ 27 పంటకాలాలు గడిచాయి.

జింజూలో ఒకే లోహం, ఒకే గని. కారణాన్ని వెదికి పట్టుకోవడం సులువు. అదే అరవై ఏళ్లు పట్టింది. ఇక్కడ కర్మాగారాలు అనేకం, రసాయనాలు అనేకం. ఎవరి వంతు ఎంత అని తేల్చడం మరింత కష్టం. కాబట్టి చెడిన తరువాత వాదులాడటం కంటే, చెడకముందే కనిపెట్టడం మేలు. అందుకు మన చేతిలో వున్న పనులు కొన్ని చెబుతాను.

మొదటిది, మడవను కనిపెట్టి చూడండి. నీరు వచ్చేచోట పైరు ఏటేటా పలచబడి, నీరు చివరన చేరేచోట బాగుంటే, అది ఊరికే జరిగినది కాదు. చౌడు కావచ్చు, లోహం కావచ్చు, మరొకటి కావచ్చు. కారణం తెలుసుకోవలసిందే.

రెండవది, మట్టి పరీక్ష సంగతి. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాషు, గంధకం, జింకు, ఇనుము వంటివి చూస్తారు. సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, లవణాలు చూస్తారు. కాడ్మియం, సీసం అందులో వుండవు. భూసార పత్రంలో అంతా బాగున్నదని వచ్చినంతమాత్రాన విషం లేదని అర్థం కాదు. అనుమానం వున్నచోట మడవ దగ్గర ఒక నమూనా, మడి నడుమ ఒకటి, చివరన ఒకటి, వేరే నీరు పారే పొరుగు పొలంలో ఒకటి తీయండి. వేరు వేరు సంచులలో కట్టి, పేర్లు రాసి, లోహాలు పరీక్షించే వసతి వున్న వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు మీ మండల వ్యవసాయాధికారి ద్వారా పంపండి. యొషియోకా చేసినది ఇదే పద్ధతి. తేడా కనబడితే అదే సాక్ష్యం.

మూడవది, రాసిపెట్టండి. ఏ తేదీన కాలువ నీరు రంగు మారింది, ఏ వాసన వచ్చింది, ఎప్పుడు చేపలు తేలినాయి, ఏ సర్వే నంబరులో పైరు మాడింది, అన్నీ ఒక పుస్తకంలో తేదీతో సహా రాయండి. ఒక్కరు అడిగితే గోడు, ఊరంతా సంతకం పెట్టి అడిగితే అర్జీ. కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన ప్రతి అర్జీకి నకలు వుంచుకోండి.

నాలుగవది, విషాన్ని మనమే తోలుకురాకూడదు. పట్నపు చెత్త చౌకగా వస్తున్నదని లారీలకొద్దీ దిబ్బలు పోయించుకునేవారున్నారు. అందులో పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు, కాల్చిన తీగల బూడిద కలిసివుంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్నపు కంపోస్టులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు మించరాదు. ఆ పరీక్ష కాగితం చూపించమని అడిగి తీసుకోండి. చూపించలేనివాని సరుకు ఊరకే ఇచ్చినా వద్దు. పురుగుమందు డబ్బాలను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లి పెట్టండి. కాలువలో విసరవద్దు. మీ కాలువ మీ మడితో ఆగిపోదు గదా.

అయిదవది, ఇప్పటికే లోహం వున్నదని తేలిన పొలం సంగతి. మడి నీటితో నిండి వున్నంతకాలం కాడ్మియం నేలలో గంధకంతో కలిసి కరగకుండా పడివుంటుంది. నీరు తీసి మడి ఆరగానే కరిగి వేరుకు అందుతుంది. అందుచేత జపాను రైతులు వెన్ను తీయడానికి మూడు వారాలు ముందు, మూడు వారాలు తరువాత మడిలో నీరు నిలుపుతారు. గింజలో కాడ్మియం బాగా తగ్గుతుంది. అయితే నేలలో ఆర్సెనిక్ వుంటే ఇదే పద్ధతి దానిని పెంచుతుంది కాబట్టి, పరీక్ష లేకుండా చేయరాదు. పులుపు నేలలైతే సున్నం వేయడం మేలు. ఆకుకూరలు లోహాన్ని ఎక్కువగా పీలుస్తాయి కనుక అటువంటి నేలలో వేయకండి. పూలు, పత్తి వంటి తినని పంటలను గురించి ఆలోచించవచ్చును. ఇవన్నీ కాలక్షేపపు మార్గాలు మాత్రమే. ఎగువన మురుగు ఆగకపోతే ఏదీ నిలవదు.

చివరిగా విస్తరణ పనిలో వున్న మిత్రులకు ఒక మాట. మడవ దగ్గర పైరు బాగాలేదని రైతు చెబితే, జింకు లోపమేలే, అర కిలో పొడి పిచికారీ చేయమని చెప్పి మోటారుసైకిలు ఎక్కడం సులువు. ఆ రైతుకు నీరు ఎక్కడనుంచి వస్తున్నదో కాలువ గట్టు పట్టుకుని ఎగువకు నడిచి చూడండి. జింజూ రైతులు పంతొమ్మిదవ శతాబ్దంలోనే నిజం చెప్పారు. వారి మాట కాగితం మీదికి ఎక్కడానికి 1968 దాకా పట్టింది. ఆ నడుమ పోయిన కాలంలో ఎందరు తల్లులు మంచాన పడినారో, ఎన్ని ఎకరాలు విషం తాగినాయో చూశాం.

ఈ నేల మనం చేసినది కాదు. తాతలు దున్నారు, మనం దున్నుతున్నాం, మనవలు దున్నవలె. వారికి ఎంత నేల ఇచ్చామన్నది దస్తావేజు చెబుతుంది. ఎటువంటి నేల ఇచ్చామన్నది వారు తినే అన్నం చెబుతుంది. ఈ పంటకాలంలో మొదటి తడి పెట్టేనాడు, మడవ ఎత్తిన తరువాత గట్టుమీద ఒక్క నిమిషం నిలిచి, వచ్చే నీటిని దోసిట పట్టి చూడండి. అనుమానం కలిగితే ఆనాడే తేదీ రాసుకోండి.